బక్క చక్రం

తొట్టిలోని నీళ్ళలో టైరును సగం దాకా ముంచి, మెల్లగా తిప్పుతూ బుడగల కోసం చూస్తోంది పిన్ని. కొప్పులోంచి జారిన నెరిసిన పాయ ఒకటి కంటికి అడ్డం పడుతోంది. రెండు చేతులూ నీళ్ళలో ఉన్నాయి కాబట్టి పెదవి వంకర తిప్పి దాన్ని పైకి ఊదుకుంటోంది. అది లేచి మళ్ళీ అక్కడే పడుతోంది. చివరికి టైరు అంచున సన్నగా, ఆవగింజల్లా, బుడగలు పైకి వచ్చాయి. ఆ చోట బొటనవేలు నొక్కిపట్టి, చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క తీసి గీత గీసింది.

ఆమె అందరికీ పిన్నే. ఆమెకన్నా పెద్దవాళ్ళయిన లారీ డ్రైవర్లు కూడా దుకాణం ముందు ఆపి "పిన్నీ, గాలి" అని కేక వేస్తారు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత సొంత పేరుతో ఎవరైనా పిలిస్తే, ఎవర్నో అనుకుని పలికేది కాదు.

దుకాణం కొండదారి మొదట్లో ఉంది. రేకుల పందిరి, దాని కింద దొంతరలుగా పేర్చిన పాత టైర్లు, గాలి మిషను, వెనక ఒకే గది. ఆ గది కిటికీ దుకాణంలోకి తెరుచుకుంటుంది. కిటికీకి ఆనించి ఆమె భర్త మంచం. ఈ దుకాణం పెట్టింది ఆయనే. ఒకప్పుడు జాకీ జారి బండి మీద పడటంతో నడుము పోయింది. చేతికర్ర సాయంతో గుమ్మం దాకా వచ్చి వెళ్ళడమే ఇప్పుడు ఆయన చేయగలిగిన ప్రయాణం. కాళ్ళలోని బలమంతా గొంతులోకి చేరిందేమో, మంచం మీది నుంచి మాట్లాడితే రోడ్డుకు అవతల వినపడుతుంది. ఫోను ఎత్తడం, బేరం మాట్లాడటం, వచ్చినవాళ్ళతో హాస్యాలాడటం ఆయన పని. వంగి, కూర్చుని, లేచి చేసేవన్నీ పిన్నివి.

పెళ్ళికి ముందు ఆమెకు వచ్చిన విద్య బట్టలు కుట్టడం. ఎప్పటికైనా ఒక కుట్టు దుకాణం, అందులో నిలువుటద్దం, రంగు దారాల కండెలు పెట్టుకునే అర ఒకటి ఉండాలని ఆమె ముచ్చట. ఆయన మంచం పట్టిన కొత్తలో ఒక లారీ వచ్చి ఆగింది. మనిషి లేడని చెప్పి పంపేద్దామని బయటికి వచ్చింది. డ్రైవరు ముఖం చూసింది, చప్పబడిపోయిన టైరు చూసింది, లోపలికెళ్ళి పానా తెచ్చింది. కిటికీలోంచి ఆయన చెబుతుంటే ఈమె చేసింది. ఒక నట్టు మాత్రం ఎంతకీ కదలలేదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని, పానా కాడ మీదికి రెండు కాళ్ళతో ఎక్కి ఎగిరింది. నట్టు వదులయింది, ఈమె వెల్లకిలా పడింది. లోపలినుంచి ఆయన "ఊడిందా?" అని అడిగాడు. "ఊడింది" అంది. నట్టో నడుమో చెప్పలేదు.

పల్చటి బండ్ల పని ఆ తర్వాత వచ్చింది. సెలవు రోజుల్లో కొండ మలుపుల్లో జోరు చూపించుకోవడానికి నేలను కరుచుకుని పాకే కార్లు వరసగా వచ్చేవి. వాటి కిందికి మామూలు జాకీ దూరదు. చక్రం మీద గోరు గీసుకున్నా యజమానికి ప్రాణం పోయినంత పని. ఆ దారిలో ఉన్న మిగతా దుకాణాల వాళ్ళు మనకెందుకొచ్చిన గొడవని తప్పుకున్నారు. పిన్ని తప్పుకోలేదు. తప్పుకునే వీలు ఆమెకు లేదు. పైగా ఎవరన్నా "అది కుదరదు" అంటే ఆమె లోపల ఏదో పట్టుదల లేచి కూర్చునేది. కొత్త రకం వాటిలో స్టెప్నీయే ఉండదు, చిల్లు పూడ్చడానికి కొట్టుకునే నురుగు డబ్బా ఒకటి ఇచ్చి ఊరుకుంటారు. "ఇంత ఇంజను పెట్టినవాడికి ఒక చక్రం పెట్టే చోటు దొరకలేదే" అని ఆయన మంచం మీద నవ్వేవాడు.

ఆ రోజు పొద్దెక్కాక ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసి ఆయన కిటికీలోంచి సంగతి చెప్పాడు. కొండ మీది మలుపు దగ్గర పల్చటి బండి. వెనక చక్రం పోయింది. పెద్దావిడ గొంతు. నురుగు డబ్బా కొడితే చిరుగులోంచి అంతా ఆమె చెప్పుల మీదికే వచ్చిందట. అంటే టైరు పక్క భాగం చిరిగింది, దానికి అతుకు పడదు. చెడిన బండ్లను ఎక్కించుకెళ్ళే లారీ వాళ్ళ నంబరు ఇచ్చేసేవాణ్ణే కానీ, నువ్వు ఊరుకోవని ఆగాను అన్నాడు.

"చూడకుండా ఎలా చెప్తామండీ" అంటూ ఆమె అప్పటికే వ్యానులోకి పలకలు ఎక్కిస్తోంది.

మోకాళ్ళకు పాత ట్యూబు ముక్కలు కట్టుకుని, వ్యాను తీసి, కొండ ఎక్కింది.

మలుపు దాటగానే కనపడింది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, గుడ్డ కప్పు. వయసు మళ్ళిన బండే కానీ ముఖం చూసుకునేంత మెరుగు ఉంది. రోడ్డు పక్క కాలవ అంచుకు రాసుకుని ఒక వెనక చక్రం పెదవి తెగినట్టు విచ్చుకుంది. పక్కన పొట్టిగా, గట్టిగా ఉన్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చెప్పుల మీద తెల్ల నురుగు ఇంకా ఆరలేదు. లోపల సీట్లో ఒక పెద్దాయన. చొక్కా ఆయనది కాదేమో అన్నంత వదులుగా వేలాడుతోంది. మెడ మాత్రం నిటారుగా పెట్టుకుని ఉన్నాడు.

వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు. ఆయన పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆవిడ తపాలా ఆఫీసులో చేసి రిటైరయింది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు, ఒకే ఇల్లు. ఈ సంగతులన్నీ పిన్ని అడక్కుండానే తెలిశాయి, ఎందుకంటే వాళ్ళ పోట్లాట ఆమె వచ్చినా ఆగలేదు.

"జీవితంలో తాళం చేతికిచ్చిన పాపాన పోలేదు. ఇచ్చిన రోజే కాలవలో దించానని సాధిస్తున్నాడు చూడమ్మా" అంది చెల్లెలు.

"దించావుగా మరి" అన్నాడు అన్న.

పిన్ని వంగి చిరుగులో రెండు వేళ్ళు పెట్టి చూసింది. టైరు పనికిరాదు. ఆ సైజు తన దగ్గరే కాదు, దగ్గర్లో ఎవరి దగ్గరా దొరకదు. ఆ మాటే చెప్పి, లారీని పిలిపిస్తాను, మీరిద్దరూ నా వ్యానులో కూర్చోండి, ఎక్కడికంటే అక్కడ దింపుతానంది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "నేను ఆసుపత్రికి వెళ్తున్నానమ్మా. నడిచి వెళ్ళే ఓపిక లేదు. పడుకుని వెళ్ళే ఉద్దేశం లేదు. ఇందులో కూర్చుని వెళ్తాను."

చెల్లెలు పిన్నిని వ్యాను వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. కొండకు అవతలి వైపు ఆసుపత్రిలో మంచం ఇచ్చారు. సాయంత్రం లోపల చేరకపోతే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. వైద్యం చేయడానికేమీ మిగల్లేదు, నొప్పి తెలియకుండా చూసుకుంటారంతే. అంబులెన్సు ఇంటి ముందుకు వస్తే ఆయన తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున వేసిన మందు బలం తగ్గిపోతోంది. చెబుతున్నంతసేపూ ఆవిడ కంట తడి లేదు. ఒక చెప్పు అంచుతో ఇంకో చెప్పు మీది నురుగును మాత్రం గీకుతూనే ఉంది.

పిన్నికి భర్తను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది. ఇసుక లారీలో, పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. చాలా కాలం తర్వాత ఒకసారి ఆయన ఆ సంగతి ఎత్తాడు. "దారంతా ఆకాశం తప్ప ఏం కనపళ్ళేదే. ఎక్కడ ఆపితే అక్కడ జనం పైనుంచి తొంగి చూశారు" అన్నాడు. అంత గొంతున్న మనిషి ఆ మాట మాత్రం గోడవైపు తిరిగి మెల్లగా అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

పిన్ని కారు వెనక అర తెరిపించింది. ఆసుపత్రికి సర్దుకున్న సంచి తీసి పక్కన పెట్టి, అడుగు పలక ఎత్తింది. కింద గుండ్రటి పల్లెంలాంటి చోటులో, ఎన్నడూ నేల ముఖం చూడని స్టెప్నీ ఉంది. మామూలు చక్రంలో సగం వెడల్పు కూడా లేదు. బక్కగా, గాలి పోయి, మెత్తగా ఉంది. ఇలాంటి బండ్లలో చోటు చాలక, తాత్కాలికంగా ఇంటికి చేరడానికని ఇంతటిదే పెడతారు. పిన్ని దాన్ని ఎండలోకి దొర్లించి, చుట్టూ గోటితో నొక్కుతూ, రబ్బరులో బీటలు వెతికింది. వ్యానులోని మిషనుతో గాలి పట్టి, సబ్బునీళ్ళు రాసి, దాని పక్కనే గొంతుక్కూర్చుంది. బుడగ రాలేదు. అయినా కొంతసేపు అలాగే కూర్చుని చూసింది. వయసుడిగిన రబ్బరును నమ్మకూడదని ఆమెకు తెలుసు. నమ్మక తప్పనప్పుడు ఎంతవరకు నమ్మాలో కూడా తెలుసు.

"మెల్లగా పోతే ఆసుపత్రి దాకా వస్తుంది. ఆ పైన ఒక్క అడుగు కూడా తోలొద్దు" అంది.

కానీ దాన్ని పోయిన చక్రం చోట వేయడానికి లేదు. ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది. అక్కడ ఒకటి లావుదీ ఒకటి బక్కదీ ఉంటే మలుపుల్లో బండి మాట వినదు, లోపలి పళ్ళచక్రాలు కూడా అరిగిపోతాయి. ముందుది తీసి వెనక్కి వేయాలి, బక్కది ముందు వేయాలి. ఒక చక్రం పోతే రెండు చక్రాల పని.

చెల్లెలి చేత బండిని అంగుళం అంగుళంగా పలకల మీదికి ఎక్కించింది. అప్పుడుగానీ కింద జాకీ దూరే సందు రాలేదు. పెద్దాయనను దిగమనలేదు. ఆయన బరువు అసలు జాకీకి తెలియనే తెలియదు.

నట్లు మూడు సులువుగానే వచ్చాయి. నాలుగోది దొంగల భయానికి పెట్టే తాళపు నట్టు. దానికి విడిగా ఒక చిన్న తాళంచెవి ఉంటుంది. ఎక్కడ పెట్టారని అడిగితే పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. దొంగలకు దొరక్కుండా చాలా మంచిచోట దాచానని గుర్తుంది, ఆ చోటు ఏదో గుర్తు లేదు అన్నాడు. చెల్లెలు సీట్ల కిందా, చాపల కిందా, సంచిలో మడతపెట్టిన బట్టల మధ్యా వెతికింది. దొరకలేదు.

పిన్ని పెట్టె అడుగునుంచి నట్టు మీద టోపీలా కూర్చునే ఒక అరిగిన గుబ్బ పానా ఏరింది. నట్టుకు కాస్త బిగువుగా ఉండేది. దాన్ని నట్టు మీద పెట్టి సుత్తితో కొట్టింది. దెబ్బ దెబ్బకూ బండి అదిరింది, లోపల పెద్దాయన ముఖం ముడుచుకుపోయింది. పానా పళ్ళు నట్టును కరిచాయి. కాడ తగిలించి బలమంతా వేసి లాగింది. చర్రున జారిపోయి ఆమె మోచెయ్యి రోడ్డుకు గీసుకుంది. రక్తం చూసుకోకుండా మళ్ళీ కొట్టింది. మళ్ళీ లాగింది. మళ్ళీ జారింది.

"అమ్మా" అన్నాడు పెద్దాయన, కిటికీ అంచు మీద గడ్డం ఆనించి. "ఒక్కసారిగా లాగకు. ముందు లోపలికి నొక్కి, అటూ ఇటూ కదుపు. దానంతట అదే విసుగెత్తి వదులుతుంది."

"పన్నుకైతే సరే."

"దవడలో కూర్చున్నదేదైనా ఒకటే."

పిన్ని ఆయన ముఖం చూసి, చెప్పినట్టే చేసింది. బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. లోపల తుప్పు కిర్రుమన్నది. ఆయన కిటికీలోంచి చేతివేళ్ళతో గాలిలోనే తిప్పుతూ, ఇంకొంచెం, ఆగు, ఇప్పుడు అంటూ ఉన్నాడు. నట్టు తిరిగింది. ఆయన వెనక్కి వాలి, తానే పీకినంత తృప్తిగా ఊపిరి వదిలాడు. ముందు చక్రానికి కూడా ఇలాంటి నట్టే ఒకటి ఉంది. దానికి పిన్ని మొదటినుంచే ఆయన పద్ధతి పట్టింది. తాళపు నట్ల బదులు వేయడానికి ఆమె డబ్బాలో సరిపోయేవి దొరికాయి.

అన్నీ బిగించాక కొత్త చిక్కు వచ్చింది. చిరిగిన చక్రం పెట్టడానికి కారులో చోటు లేదు. బక్కదాని పల్లెంలో లావుది పట్టదు. వెనక అరలో దానితోపాటు సంచి కూడా పెడితే మూత పడదు.

"నా ఒళ్ళో పెట్టమ్మా" అన్నాడు పెద్దాయన.

"నీ ఒళ్ళే ఒక పిడికెడు లేదు" అంది చెల్లెలు.

పిన్ని దాన్ని వ్యానులోకి ఎక్కించింది. నా దుకాణంలో ఉంటుంది, టైరు వెతికి తొడిగి ఉంచుతాను, మీరు ఇటు వచ్చినప్పుడు తీసుకోండి అంది. ఆ సైజు దొరకదన్నావుగా అని ఆయన అడిగాడు. దగ్గర్లో దొరకదన్నాను, అసలు దొరకదనలేదు అంది పిన్ని. ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. తర్వాత గుడ్డ కప్పు తీయమన్నాడు. గాలి పడదని చెల్లెలు వారించబోయి, తనే ముందు గొళ్ళెం విప్పింది. ఇద్దరు ఆడవాళ్ళూ చెరోవైపు పట్టుకుని కప్పు వెనక్కి మడిచారు. నుదుటి మీద ఎండ పడగానే ఆయన కళ్ళు చిట్లించి, మూసుకోకుండా అలాగే ఉంచాడు.

పిన్ని చెల్లెలికి జాగ్రత్తలు చెప్పింది. రెండో గేరు దాటొద్దు. మలుపులో బ్రేకు తొక్కొద్దు, ముందే తగ్గించుకో. వెనకే నేను దీపం వెలిగించుకుని వస్తాను, ఎవరు హారన్ కొట్టినా నాకు కొడతారు, నువ్వు పట్టించుకోకు.

అలా బయలుదేరారు. ముందు ఆకుపచ్చ కారు, వెనక పాత వ్యాను. నడిచేవాళ్ళు దాటిపోయేంత మెల్లగా కొండ దిగసాగారు. వెనక బండ్లు పోగయ్యాయి. ఒకడు పక్కకు వచ్చి తిట్టబోయాడు. పిన్ని అద్దం దించి అతని వైపు ఒక చూపు చూసింది. అతను అద్దం ఎత్తుకున్నాడు. ఆమె కళ్ళు ఎక్కువగా ఆ బక్క చక్రం మీదే ఉన్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా అది కొంచెం నలిగి, మళ్ళీ నిలదొక్కుకునేది. దాంతోపాటు ఆమె కూడా స్టీరింగు మీద ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి వచ్చేది.

కొండ దిగుతుంటే వాళ్ళిద్దరి తలలూ ఆమెకు కనపడుతూనే ఉన్నాయి. మొదట్లో ఆయన చెయ్యి లేస్తూ ఉండేది, ఇటు తిప్పు, అక్కడ గుంట అన్నట్టు. చెల్లెలి తల కోపంగా ఊగేది. ఒకచోట ఇద్దరి భుజాలూ అదిరాయి, నవ్వుతున్నారని తెలిసింది. లోయ అంతా కనపడే మలుపులో ఆయన ముఖం అటు తిరిగింది. చాలాసేపు అటే ఉంది. తర్వాతి వంపులో తల మెల్లగా చెల్లెలి వైపు వాలింది. అలసి నిద్రపోయి ఉంటాడనుకుంది పిన్ని. చెల్లెలి చెయ్యి ఒకటి స్టీరింగు వదిలి, అడ్డంగా వచ్చి, ఆయన ఛాతీ మీద ఆగింది. మళ్ళీ వెనక్కి పోలేదు. కారు ఆగలేదు, వేగం పెరగలేదు. ఒంటిచేత్తోనే, అదే రెండో గేరులో, మలుపు తర్వాత మలుపు సరిగ్గా తీసుకుంటూ పోయింది.

ఆసుపత్రి ముందు చెట్టు నీడలో కారు నిలిచింది. పిన్ని వ్యాను దిగి, ముందు చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది కానీ గట్టిగా ఉంది. వచ్చేశాం బాబాయిగారూ అంటూ లేచేసరికి ఆయన ముఖం కనపడింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. గడ్డం చెల్లెలి భుజం మీద ఉంది.

చెల్లెలు స్టీరింగు వైపే చూస్తోంది.

"ఎప్పుడమ్మా?" అంది పిన్ని.

"లోయ మలుపు దాటాక."

"ఆపొచ్చుగా."

"ఆపితే ఎవరో వస్తారు, తీసి రోడ్డు మీద పడుకోబెడతారు" అంది ఆవిడ. "కూర్చునే వస్తానన్నాడు కదమ్మా."

 పిన్ని తలుపు తెరిచి, ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వదులు చొక్కా గుండీలు సర్దింది. లోపలినుంచి మనుషులు వచ్చేదాకా అలాగే ఉంది. వాళ్ళు ఆయనను ఎత్తుకుని వెళ్ళారు. చెల్లెలు సంచి పట్టుకుని వాళ్ళ వెంట నాలుగు అడుగులు వేసి, వెనక్కి వచ్చి పిన్ని మోచెయ్యి పట్టుకుని చూసింది. ఇది కడుక్కో, మట్టి చేరుతుంది అని చెప్పి, మళ్ళీ వెళ్ళింది. పిన్ని ఒక్కతే గుడ్డ కప్పును ముందుకు లాగి, మూలలు బిగించి, తాళం లోపల బల్ల దగ్గర ఇచ్చి వచ్చింది.

ఇంటికి వచ్చాక భర్తకు చెప్పింది. ఆయన ఒక్క హాస్యం కూడా ఆడలేదు. కాసేపటికి చేతికర్ర వెతుక్కుని, గుమ్మం దాటి, పందిరి కింద టైర్ల దొంతర మీద వచ్చి కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఇద్దరూ వచ్చేపోయే బండ్లను చూస్తూ అక్కడే కూర్చున్నారు.

ఆ కారును ఎవరో లారీ మీద ఎక్కించుకుపోయారని తర్వాత తెలిసింది. చెల్లెలు ఒకసారి ఫోను చేసి మోచేతి దెబ్బ మానిందా అని అడిగింది. చక్రం మాట ఆవిడా ఎత్తలేదు, పిన్నీ ఎత్తలేదు. ఆ సైజు టైరు కోసం మాత్రం పిన్ని ఒక్కొక్కరినీ అడుగుతూ, ఊరికి ఊరు దాటించి, చివరికి తెప్పించింది. తొడిగి, గాలి పట్టి, తూకం చూసింది. దీనికోసం ఎవరొస్తారని మంచం మీది నుంచి భర్త అడగబోయి, ఆమె సుద్దతో దాని మీద 'పళ్ళ డాక్టరు' అని రాస్తుంటే చూసి ఊరుకున్నాడు.

వానాకాలం వెళ్ళి ఎండాకాలం వచ్చింది. చక్రం ఇప్పటికీ గాలి మిషను పక్కన గోడకు ఆనించి ఉంది. కొత్త రబ్బరు మీది సన్నటి నూగు ఒక్కటి కూడా అరగలేదు.